పువ్వు విచ్చిన పూట పొడి చల్లకండి

మా పని తేనె కాదు

నా ఉద్యోగకాలమంతటిలో తేనె ఎంత తీశావని అడగని పైఅధికారి ఒక్కరే తగిలారు. మిగిలినవాళ్లందరి దృష్టిలోనూ నేను తేనె పిండే మనిషిని. కొయ్యపెట్టెల్లో తేనెటీగలను పెంచే పద్ధతి రైతులకు చూపించమని నన్ను ఉదయగిరికి వేశారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తరోజులవి. అది నా సొంత ఊరే. మా నాయన అక్కడి మిషన్ బడిలో పంతులు. ఇంటిపట్టున ఉండి చేసుకునే ఉద్యోగమని ఆయన సంతోషించారు. మా అవ్వ మాత్రం, "ఈగల్ని మేపినందుకు జీతమిస్తారంట్రా? ఏం సర్కారురా ఇది!" అని నవ్వింది.

నవ్వదగ్గ ఉద్యోగం కాదని నాకు తెలుసు. ఎందుకు కాదో నాలుగు మాటల్లో చెప్పడం మాత్రం అప్పట్లో నాకు చేతకాలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఆ నాలుగు మాటలూ ఇప్పుడు రాస్తున్నాను. ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఎన్ని ఊళ్లు తిరిగానో అదంతా వదిలేస్తాను. ఈ వయసులో కూడా నన్ను కుదురుగా కూర్చోనివ్వని సంగతులు కొన్ని ఉన్నాయి. అవే చెబుతాను.

ముందు పువ్వు సంగతి. గుమ్మడిపాదును చూడండి. దానికి రెండు రకాల పూలు. సన్నని పొడుగు కాడ మీద నిలబడి, లోపల పసుప్పచ్చని పుప్పొడి ఉండేది పోతుపువ్వు. అడుగున చిన్న ఉండలా పిందె ఉండేది పిందెపువ్వు. ఆ పుప్పొడి ఈ పువ్వులో పడితేనే పిందె కాయ అవుతుంది. పడకపోతే పసుపెక్కి రాలిపోతుంది. గుమ్మడి పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది. గాలికి ఎగరదు. ఎవరో ఒకరు మోసుకుపోవాలి. పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. ఆ కాస్త పొద్దులోనే తేనెటీగ రావాలి. వచ్చిందా, కాయ. రాలేదా, ఉత్త తీగ. పుస్తకాల్లో దీన్ని పరాగసంపర్కం అంటారు. ఆ మాట రాసి పరీక్ష గట్టెక్కడం సులువు. కాయ నిలవక ఏడుస్తున్న రైతు ఎదుట నిలబడి దాన్ని చెప్పడం కష్టం.

కోటకొండ కింద

తేనె సంగతి అడగని ఆ ఒక్క అధికారి ఉదయగిరిలో మా సూపర్వైజరు సుందరరామయ్య గారు. పొట్టి మనిషి, ముక్కుమీద కోపం. "పెట్టెలో ఎంత వచ్చిందో నాకొద్దు. చుట్టూ చేలల్లో పిందె ఎట్లా నిలిచిందో చూసొచ్చి చెప్పు" అనేవారు. నేను నేర్చుకున్న విద్య అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఉదయగిరి కోటకొండ చరియలకు పెద్ద తేనెటీగలు పట్టు పెట్టేవి. అవి పెట్టెల్లో ఇమిడే రకం కాదు. చేటంత పట్లు బండకు వేలాడుతూ కింది నుంచి చూస్తే నల్లగా కదులుతుండేవి. కొండ మీది ఫలసాయాన్ని ఏటా ఎవరో ఒక కంట్రాక్టరు వేలంలో పాడుకునేవాడు. ఒక ఎండాకాలం, కొండ మీద పొగ లేచిందని మేకల వాళ్లు చెబితే సుందరరామయ్య గారూ నేనూ పోయాం. మేము చేరేసరికి చరియంతా మసి. కాగడాలు కట్టి ఒక్క పట్టు కూడా మిగలకుండా కాల్చేశారు. కింద బండ మీద ఈగలు కుప్పలుగా పడి ఉన్నాయి. రెక్కలు కాలినవి ఇంకా పాకుతున్నాయి. కంట్రాక్టరు మనుషులు పట్లను పిల్లలతో సహా డబ్బాల్లోకి పిండుతున్నారు. తేనె తెల్లటి పాలతో కలిసి కారుతోంది. అది పాలు కాదు, నలిగిన ఈగపిల్లలు.

సుందరరామయ్య గారు కంట్రాక్టరును పట్టుకుని, "పట్టులో ఒక మూలే కదయ్యా తేనె ఉండేది. ఆ మూల కోసుకుని మిగతాది వదిలేస్తే మళ్లీ కడతాయి. కాల్చడం దేనికి?" అన్నారు.

ఆ మనిషి తగాదా పడలేదు. చేతులు తుడుచుకుంటూ, "నిజమే అయ్యా. కానీ ఈ కొండ ఈ ఏడు నాది. వచ్చే ఏడు ఎవడిదో నాకు తెల్దు. ఎవడి కోసం వదలమంటారు?" అన్నాడు.

వేలంపాట ఏడాదికి కాక నాలుగైదేళ్లకు పెట్టాలనీ, కాల్చకూడదని షరతు రాయాలనీ సుందరరామయ్య గారు పైకి చెప్పి చూశారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడు కొండ కింది పల్లెల్లో మునగ సరిగా కాయలేదని రైతులు అన్నారు. అది కాల్చినందువల్లేనని నేను చెప్పలేను. వానలు కూడా సరిగా లేవు. ఈ పనిలో మొదటి నియమం ఇదే: తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పొద్దు. ఒక్కసారి అబద్ధమని తేలితే మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ వినరు. కానీ ఆ కంట్రాక్టరు మాట మాత్రం నన్ను వదల్లేదు. అతను దుర్మార్గుడు కాదు. ఏడాది మనిషి, అంతే. తర్వాత నాకు తగిలిన ఇబ్బందులన్నీ ఏడాది మనుషులతోనే.

పెన్న ఇసుకలో

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక నన్ను ఆత్మకూరుకు మార్చారు. అక్కడికి కాస్త దూరంలో పెన్న ఒడ్డున ఒక పాలెం. వాన నీళ్లు తీసిపోయాక ఆ పాలెంవాళ్లు ఏటి ఇసుకలో గుంటలు తీసి, ఎరువు నింపి, గుమ్మడి, పుచ్చ, దోస పాదులు పెట్టేవాళ్లు. ఏరు ఎవరి సొత్తూ కాదు కాబట్టి పాలెం పెద్ద రమణయ్య ఏటా ఇసుకను వాటాలు వేసి పంచేవాడు. మాట కరుకైనా పంపకంలో ధర్మం తప్పని మనిషని పేరు. ఒడ్డున ఆయన దొడ్డి నీడలోనే నా ఈగల పెట్టెలు పెట్టుకోనిచ్చాడు. "పెట్టుకో సారూ. మా పిలకాయల్ని కుట్టకుండా చూసుకో, చాలు" అన్నాడు.

వాటాదారుల్లో ఎస్తేరమ్మ అని ఒక ఆవిడ ఉండేది. మొగుడు పోయాడు. అత్తను పెట్టుకుని బతుకుతోంది. చెరువులో నీళ్లున్నన్నాళ్లు చేపలు, కోతలప్పుడు కూలి, ఎండాకాలం ఈ ఇసుక వాటా. పొడగరి, పెద్ద గొంతు. ఆదివారం నేను పోయే చర్చిలోనే ఆమె పాట అందరికంటే పైకి వినిపించేది.

ఆ ఏడు గుమ్మడి తీగ సాగుతుండగా ఎర్ర పెంకు పురుగు విరుచుకుపడింది. ఆకులు జల్లెడ. అదే సమయానికి మా పై ఆఫీసరు నరసింగరావు గారు పురుగుమందు పొడి బస్తాలు వేయించుకుని జీపులో దిగారు. పొడిని పలచని గోనెగుడ్డలో మూటగట్టి, పొద్దున్నే మంచు తడి ఉండగా పాదుల మీద విదిలించమన్నారు. విదిలించిన కాసేపటికే పురుగు టపటపా రాలింది. ఆడవాళ్లు చేటల్లోకి ఊడ్చి చూపించుకున్నారు. నేనూ సంతోషించాను. పూత లేని లేత తీగ మీద ఆ పొడి నిజంగానే వాళ్లను కాపాడింది. అది కాదనడం నా ఉద్దేశం కాదు.

చిక్కు తర్వాత వచ్చింది. పూత మొదలైంది. పురుగు పోయినా జనం పొడి మానలేదు. ఊరికే ఇస్తున్నారు, చల్లితే మంచిదే కదా అని. చల్లేది ఎప్పుడు? మంచు ఆరకముందు. గుమ్మడి పువ్వు విచ్చేది ఎప్పుడు? అదే వేళకు. తేనెటీగ వచ్చేదీ అప్పుడే.

ఒకరోజు నేను పోయేసరికి నా పెట్టెల ముందు నేలంతా ఈగలే. కొన్ని వెల్లకిలా పడి గిరగిర తిరుగుతున్నాయి. కొన్ని నాలుక బయటపెట్టి చచ్చిపోయి ఉన్నాయి. కాళ్లకు పుప్పొడితో పాటు తెల్లటి పొడి అంటుకుని ఉంది. ఒక పెట్టె మూత తీస్తే లోపల రాణి ఈగ చుట్టూ గుప్పెడు కూడా లేవు. నాకు విషయం అర్థమైంది. వెంటనే నరసింగరావు గారికి చెప్పాను. "ఎండకు చచ్చి ఉంటాయి" అన్నారు ఆయన. చలి ఇంకా పూర్తిగా పోనేలేదు.

పిందె రాలింది

కొద్దిరోజులకే పిందె రాలడం మొదలైంది. తీగ బలంగా ఉంది, పూలు విరగబూస్తున్నాయి, పిందె మాత్రం పసుపెక్కి ఊడిపోతోంది. పొద్దున్నే ఏటిలోకి దిగితే ఆ ఇసుకలో రొద లేదు. పూలమీద ఏదీ వాలడం లేదు. ఒడ్డున నేలలో బొరియలు చేసుకుని బతికే చిన్న ఒంటరి ఈగలు ఉండేవి. అవీ కనబడలేదు.

రైతుకు కంటికి కనబడేది రాలిన పిందె. కనబడనిది రాని ఈగ. కనబడని కారణాన్ని వదిలి, దొరికిన మనిషిని పట్టుకోవడం లోకం తీరు. వాటాదారులు ఇసుక మీద పంచాయితీ పెట్టారు. నన్ను పిలవలేదు. పెట్టెలు చూసుకునే నెపంతో పోయి నిలబడ్డాను.

"ఏటేటా కాసే ఇసక ఇది. ఈ ఏడే ఏమొచ్చింది? ఏందో మైల తగిలుండాది" అన్నాడు రమణయ్య.

ఇంకొకాయన అందుకున్నాడు. "తగలక ఏమవుతాది? ఎస్తేరమ్మ ముట్టయినా ఇంట్లో కూచోదు. కడవ ఎత్తుకుని పాదుల్లో తిరగతానే ఉంటది. వాళ్లకి పట్టింపు లేదంట. పాదులకుండాది గదా!"

ఎస్తేరమ్మ అక్కడే ఉంది. "మా దేవుడు నన్ను కూచోమని చెప్పలా. నేను కూచుంటే నా పాదులకి నీళ్లెవరు పోస్తారు, నువ్వా? పోయినేడూ తిరిగినాను, అంతకు ముందేడూ తిరిగినాను. అప్పుడు మీ కాయలు బండ్లకెక్కలేదా?" అంది.

జవాబు లేని ప్రశ్న అడిగినందుకు వాళ్లకు ఇంకా కోపం వచ్చింది. ఈ కాపు అయ్యేదాకా ఆమె ఇసుకలో అడుగు పెట్టకూడదనీ, ఆమె వాటా ఇంకొకరు చూసుకోవాలనీ తేల్చేశారు. వచ్చే ఏడు మాట వచ్చే ఏడు. అంటే వాటా పోయినట్టే.

ఆ మధ్యాహ్నం ఆమె నా గది ముందుకొచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని ఏడవడం లేదు. "ఏంది సారూ, నీ పెట్టెల్లో ఈగలన్నీ చచ్చిపోయినాయంట గదా. పోయి వాళ్లకి చెప్పు, వాటిని కూడా నేనే ముట్టుకున్నానని" అని గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

ఆమె చెయ్యి

మర్నాడు నేను రమణయ్య ఇంటికి పోయి, అక్కడ చేరినవాళ్ల ముందు చేతకాని ఉపన్యాసం ఒకటి చెప్పాను. పోతుపువ్వు, పిందెపువ్వు, పుప్పొడి, తేనెటీగ, పొడి. మగవాళ్లు మొహామొహాలు చూసుకుని నవ్వారు. "పూలకి పెళ్లి చేస్తుండాడు సారు" అన్నాడొకడు. రమణయ్య నవ్వలేదు. "సారూ, ఒక మాట అడగతాను. మీ చర్చి మనిషని ఆయమ్మని వెనకేసుకొస్తుండావా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మా చర్చి మనిషి కావడం నిజం. ఆమె కాక ఇంకెవరైనా ఇలాగే పరుగెత్తేవాడినా అని నన్ను నేను అడుక్కున్నాను. పరుగెత్తేవాణ్ణే అనుకుంటాను. కానీ ఆ మాట అతను నమ్మడానికి కారణం లేదు. మాటలతో తేలేది కాదని అప్పుడు అర్థమైంది.

"అయితే ఒక పని చెయ్యి రమణయ్యా. మీ పాదుల్లోనే చూద్దాం. ఆయమ్మ చేత్తోనే పోతుపువ్వు తెంపించి పిందెపువ్వుకి అద్దిస్తాను. ఆమె ముట్టుకున్న పిందె రాలితే నీ మాటే నిజం. నిలిస్తే?" అన్నాను.

"నా పాదుల్లోనా! ఉన్న నాలుగూ పోగొడతావా?" అని లేచాడు.

అంతవరకూ గడప దగ్గర చేట చెరుగుతున్న ఆయన భార్య కోటమ్మ తలెత్తింది. "ఉన్న నాలుగు యాడుండాయి? పొద్దున నేనే ఒళ్లో ఏరుకొచ్చి దూడకేసినాను. రాలిపొయ్యేదాన్ని ముట్టుకుంటే ఇంకేం రాలతాది? రమ్మను ఆయమ్మని" అంది.

రమణయ్య షరతు పెట్టాడు. పిందె నిలవకపోతే ఎస్తేరమ్మ మళ్లీ ఏటి వైపు చూడకూడదు. నేను నా పెట్టెలు ఎత్తుకుని పోవాలి. సరేనన్నాను.

మర్నాడు పొద్దుపొడుస్తుండగా దిగాం. జనం ఒడ్డు మీద నిలబడి చూస్తున్నారు. అంత గొంతున్న ఎస్తేరమ్మ ఏం చెయ్యాలో గుసగుసగా అడిగింది. పోతుపువ్వు తెంపి, రేకులు వలిచేసి, మధ్యలో పుప్పొడి కాడను పిందెపువ్వు లోపల మెత్తగా రాయమని చూపించాను. "పసిబిడ్డకి ఆముదం రాసినట్టు" అంది కోటమ్మ. రాసిన ప్రతి పువ్వు కాడకూ ఆమే ఎర్ర గుడ్డపీలిక కట్టింది. ఒక వరస పాదులను ఎవరూ ముట్టుకోకుండా వదిలేశాం.

రెండో రోజు పొద్దున ఎస్తేరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "సారూ, నేను ముట్టుకున్నయ్యి నిజంగానే రాలిపోతే? ఇంతమంది అంటుంటే నాకే అనుమానంగా ఉండాది. నా చేతిలోనే ఏమన్నా ఉండాదేమో" అంది.

నేను ఆమెకు పుప్పొడి గురించి మళ్లీ చెప్పబోయి మానేశాను. "ఉంటే ఉండనీ. నాలుగు రోజుల్లో తెలిసిపోతాది" అన్నాను. ఆ మాట అన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాదుకు నీరు తక్కువైనా పిందె రాలుతుంది, ఎండ ఎక్కువైనా రాలుతుంది. కాయ నిలవకపోవడానికి సవాలక్ష కారణాలు. వాటిల్లో ఏ ఒక్కటి అడ్డుపడినా ఆ మనిషి బతుకు నా మూలంగా పోతుంది. శాస్త్రం తెలిసినవాడికి భయం ఉండదని ఎవరన్నా అంటే నమ్మకండి.

నిలిచిన పిందె మొదట కాడ వంచుతుంది. పైకి చూస్తున్నది నేలవైపు తిరుగుతుంది. దాని చర్మం మీద మెరుపు వస్తుంది. నాలుగైదు రోజులకు ముందుగా అది చూసింది కోటమ్మ. ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని ఒక పీలిక తర్వాత ఒక పీలిక చూసుకుంటూ పోయింది. ఒకటీ అరా రాలాయి. మిగిలినవన్నీ వంగి, నిమ్మకాయంత అయ్యాయి. పక్క వరసలో ఎవరూ ముట్టుకోనివి పసుపెక్కి, మునివేలు తగిలితే ఊడొచ్చాయి.

"ఓ ఎస్తేరమ్మా! ఇట్రామే! నీ పిందె నా ముక్కుపుడక కంటే బాగా మెరస్తుండాది, రా!" అని కోటమ్మ ఏరంతా వినబడేట్టు కేకేసింది.

రమణయ్య వచ్చి చూశాడు. వంగి ఒక పిందెను తట్టాడు. క్షమాపణలాంటిదేమీ చెప్పలేదు. దారికి అడ్డంగా ఉన్న తన కడవను పక్కకు జరిపి, "నిలబడినావేందమ్మా? పొద్దెక్కతుండాది. నీ పాదులు చూసుకోపో" అన్నాడు. ఆ పాలెంలో అదే తీర్పు. వెంటనే నలుగురైదుగురు ఆడవాళ్లు తమ పాదులకు కూడా చేసి పెట్టమని ఆమె వెంట పడ్డారు. పంచాయితీ రోజు గట్టిగా మాట్లాడినాయన పెళ్లాం కూడా అందులో ఉంది.

"ముందు నాయి చేసుకుంటా. ఆనక మీయి. చూసి నేర్చుకోండి, మీకు మాత్రం చేతుల్లేవా?" అంది ఎస్తేరమ్మ. గొంతు తిరిగి వచ్చింది.

ఆఫీసరు సంతోషం

కథ ఇక్కడ ఆగితే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

సంగతి విని నరసింగరావు గారు జీపులో వచ్చారు. ఆడవాళ్లు వరసలుగా వంగి పూలు అద్దుతుంటే చూసి మురిసిపోయారు. "భేష్! ఈగ లేకపోతేనేం, చెయ్యి ఉంది. ఇంక పొడి నిశ్చింతగా చల్లుకోవచ్చు. వచ్చే ఏడు ఒడ్డు మీద చేలన్నిటికీ ఇప్పిస్తాను" అన్నారు.

ఒక మనిషి మీద పడిన నింద తుడవడానికి చేసిన పనిని ఆయన ఈగ అక్కరలేదనడానికి రుజువుగా ఎత్తుకున్నారు.

"సార్, గుమ్మడి పువ్వు దోసిలంత ఉంటుంది కాబట్టి చెయ్యి దూరింది. ఒడ్డు మీద ధనియాల చేను ఉంది, ఉల్లి విత్తనానికి వదిలిన మడి ఉంది, మునగ ఉంది. ఆ పూలను ఏ చెయ్యి ముట్టుకుంటుంది? ఊళ్లో ఆడవాళ్లందరూ దిగినా ఒక మడి కాదు" అన్నాను.

"మంచు మీద చల్లకపోతే పొడి ఆకుకు అంటదు. గాలికి పోతుంది. తెలుసా నీకు?"

"తెలుసు సార్. ఆ వేళకే పువ్వు విచ్చుతుంది. అదీ నిజమే."

ఇద్దరం నిజమే చెబుతున్నాం. రెండు నిజాలూ ఒకే పొద్దుకు తగులుకున్నాయి, అదీ చిక్కు. ఆయన కొంచెం మెత్తబడి, తమ ఊళ్లో ఒక ఏడు పురుగు చేనంతా తినేస్తే గంజి కోసం జనం వరసకట్టడం చిన్నప్పుడు చూశానన్నారు. "ఆకలి చూసినవాణ్ణి. ఈగల మీద జాలి పడే తీరిక నాకు లేదు" అన్నారు. ఆ మాటను నేను చులకన చేయను. యుద్ధం నాటి రేషను రోజులు నేనూ చూశాను. మీకు తగిలే ఆఫీసర్లలో ఇలాంటివారే ఎక్కువ. లంచగొండిని ఎదిరించడం తేలిక. మంచి ఉద్దేశంతో తప్పు పనిచేసేవాణ్ణి ఎదిరించడం చాలా కష్టం. మీ గొంతులో కూడా కసి ఉండదు, మాట నిలబడదు.

అయినా ఆయన ఎదుటనే వాటాదారులకు చెప్పాను. "తీగ లేతగా ఉన్నప్పుడు పొడి చల్లుకోండి. పూత పడ్డాక వద్దు. తప్పదంటే పువ్వు ముడుచుకున్నాక, సాయంత్రం చల్లండి. పొడి సగం గాలికి పోయినా పరవాలేదు."

నరసింగరావు గారి మొహం ఎర్రబడింది. "నువ్వు ఈగల మనిషివి. పురుగుమందు సంగతి నీకెందుకు?" అన్నారు. బదిలీల మాట ఎత్తనన్నాను గాని ఇదొక్కటి ఎత్తక తప్పదు. ఆ వేసవి దాటకముందే నన్ను మర్రిపాడుకు వేశారు.

మర్రిపాడు మెట్టలో పొడి లేదు. అక్కడ గొడ్డలి. తొర్రలున్న ముసలి చెట్లు కర్రకు పనికిరావని ముందుగా బొగ్గుల బట్టీలకు నరికేవాళ్లు. పుట్టతేనె ఈగలు కాపురముండేది ఆ తొర్రల్లోనే. బొగ్గు లారీలు బద్వేలు వైపు పోతుంటే రోడ్డు పక్కన నిలబడి చూసేవాణ్ణి. వింజమూరు వైపు పోతే కంపచెట్ల గట్లు తోసేసి చేను చేనుతో కలిపేస్తున్నారు. పురుగుమందు ఒక్కటే శత్రువని మీరు అనుకోకండి. నరకడం, తగలబెట్టడం, దున్నడం అన్నీ కలిసే పనిచేస్తాయి. ఏ ఒక్కదాన్ని అడిగినా, 'నా వల్ల ఎంత పోయిందిలే' అంటుంది.

మరుసటి ఏడు

మరుసటి ఏడు పూతకాలంలో సెలవు పెట్టి ఆత్మకూరు పోయాను. ఎవరూ రమ్మనలేదు. ఉండలేకపోయాను. పొద్దున్నే పాలెం దగ్గర లారీ దిగి ఏటివైపు నడిచాను.

ఇసుకలోకి దిగే దారిలో పొడి బస్తాలు ఎత్తుకుని ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. మా శాఖ పంపిన కొత్త కుర్రాళ్లు. వాళ్లకు అడ్డంగా ఎస్తేరమ్మ, కోటమ్మ. వెనక రమణయ్య తువ్వాలు తలకు చుట్టుకుని నిలబడ్డాడు గాని మాట ఆడవాళ్లకే వదిలేశాడు.

"మాకు ఆర్డరుండాదమ్మా. మంచు ఆరకముందే చల్లాలన్నారు" అంటున్నాడు ఒకతను.

"ఆర్డరుంటే ఉండనీ నాయనా. మేం వద్దనలా. పొద్దు వాలినాక రాండి, నేనే చల్లిస్తా. ఇప్పుడు పువ్వు తెరుచుకుంటుండాది" అంది ఎస్తేరమ్మ.

"నువ్వు చేత్తో అద్దతావంట గదా? ఈగలతో నీకేం పని?"

"అద్దినాను. నడుము పడిపోయింది. నా చెయ్యి పొద్దుగూకులూ అద్దినా నా వాటాకే చాలదు. ఇంక ఇంత ఏటికి ఎవరు అద్దతారు? మీ సారొచ్చి అద్దతాడా?"

కోటమ్మ ఫక్కున నవ్వింది. ఆ కుర్రాళ్లు బస్తాలు దించి ఒడ్డున కూర్చున్నారు. సాయంత్రందాకా కూర్చుంటారో, పై ఊరికి పోయి చల్లినట్టు రాసుకుంటారో నాకు తెలియదు. ఎస్తేరమ్మ నన్ను చూసి చెయ్యి ఊపింది, ఆగలేదు. కడవ ఎత్తుకుని పాదుల్లోకి పోయింది. నేనూ వెనకే దిగాను. గుమ్మడి పూలు విచ్చుకుంటున్నాయి. ఒక పువ్వులో ఒక తేనెటీగ, కాస్త అవతల ఇంకొకటి. ఏరంతా రొద పెట్టేటన్ని కావు. ఉన్నాయి, అంతే.

"వస్తుండాయి సారూ. తక్కువే. కానీ వస్తుండాయి" అంది ఆమె.

అప్పుడే గాలి తిరిగింది. తలెత్తి చూస్తే అవతలి ఒడ్డున ఎవరివో చేలల్లో గోనెమూటలు విదిలిస్తున్నారు. తెల్లటి పొడి మంచులా లేచి ఏటివైపు మళ్లుతోంది. ఎస్తేరమ్మ కడవ దించి, పైట నడుముకు దోపుకుని, మోకాలిలోతు నీళ్లలో అవతలికి నడవసాగింది. "ఓరయ్యా! ఓ అబ్బయ్యా! ఆపండి కాసేపు!" అని అరుస్తూనే ఉంది. నేను చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాను.